లేత మెదడు తొందరగా తేరుకుంటుందా?

తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తరచూ కనిపించే ఒక వాదన సారాంశం ఇది: పదహారేళ్ల కుర్రాడు సరదాకు నాలుగుసార్లు గంజాయి పీల్చినంత మాత్రాన ఏమీ కాదు, లేత మెదడు తొందరగా తేరుకుంటుంది, గంజాయి మూలిక కాబట్టి వ్యసనంగా మారదు, ఎవరైనా దానికి బానిసయ్యారంటే అది వారి మనోబలం లోపం.

జనం ఎక్కువగా నమ్మేది మొదటి మాటనే. అసలు విషయాన్ని తలకిందులు చేసిందీ అదే. కౌమారంలో మెదడు వేగంగా మారుతుందన్నది నిజమే. అయితే ఒక అనుభవం పదేపదే ఎదురైనప్పుడు నాడీకణాల మధ్య సంధులు బలపడటాన్నే మనం నేర్చుకోవడం అంటాం; మత్తు అలవాటు కావడంలోనూ చాలావరకు ఆ యంత్రాంగమే పనిచేస్తుంది. మొక్కగా ఉన్నప్పుడు వంగడం తేలికని సామెత చెబుతుంది గానీ, మంచివైపే వంగుతుందని హామీ ఇవ్వదు. అమెరికాలో మాదకద్రవ్య వ్యసనాలపై పరిశోధించే జాతీయ సంస్థకు 2003లో డైరెక్టరైన నాడీశాస్త్రవేత్త నోరా వోల్కో, సహచరులతో కలిసి 2021లో ఒక విశ్లేషణ ప్రచురించారు. గంజాయి మొదలుపెట్టి ఏడాదికి మించని వారిని చూస్తే, వ్యసనం స్థాయికి చేరినవారు 18–25 ఏళ్లవారిలో 6.4 శాతం కాగా 12–17 ఏళ్లవారిలో 10.7 శాతం. ఈ తేడాకు వయసొక్కటే కారణమని చెప్పలేం. దాదాపు పన్నెండు వేలమంది పిల్లలను తొమ్మిది, పదేళ్ల వయసు నుంచి గమనిస్తున్న అమెరికా అధ్యయనంలో, పదిహేనేళ్లలోపే మత్తుపదార్థాలను రుచిచూసినవారి మెదడు నిర్మాణంలో కొన్ని తేడాలు అంతకుముందే ఉన్నట్లు తేలింది. అంతమాత్రాన లేత వయసు రక్షణకవచం అయిపోదు.

మూలిక వాదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. నల్లమందు గసగసాల మొక్క నుంచి, కొకైన్ కోకా ఆకు నుంచి వచ్చేవే.

ఇక మనోబలం సంగతి. బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో వోల్కో బృందం కొకైన్ వ్యసనపరుల రక్తంలోకి స్వల్ప రేడియోధార్మికత గల పదార్థాన్ని ఎక్కించి, అది మెదడులో కోరికకు, ప్రేరణకు తోడ్పడే డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాలకు అతుక్కునే తీరును పెట్ స్కాన్‌లో పరిశీలించింది. 1993లో వెలువడిన ఫలితాల ప్రకారం, కొకైన్ మానేసి మూడు నాలుగు నెలలైనా వారిలో డీ2 అనే రకం డోపమైన్ గ్రాహకాలు తక్కువగానే కనిపించాయి. అవి తగ్గినకొద్దీ, కనుగుంటలకు పైన ఉండే మెదడు భాగంలో గ్లూకోజ్ వినియోగమూ తగ్గింది, అంటే ఆ భాగం పని మందగించింది. కోరికను తూచి వద్దనుకోవడంలో ముఖ్యపాత్ర ఆ భాగానిదే. కాబట్టి "గట్టిగా అనుకుంటే మానేస్తాడు" అనేవారు, గట్టిగా అనుకోవడానికి కావలసిన పనిముట్టే దెబ్బతిని ఉండవచ్చన్న సంగతిని వదిలేస్తున్నారు.

ఇవి కొకైన్ వాడిన పెద్దవారి స్కాన్లు. యథాతథంగా గంజాయికి అంటగట్టడం తప్పు. గంజాయిపై ఆ బృందమే 2014లో విడిగా ప్రచురించిన పరిశోధనలో గ్రాహకాల సంఖ్యలో అలాంటి లోటు కనబడలేదు. కానీ డోపమైన్‌ను పెంచే మందు ఇచ్చినప్పుడు, గంజాయి వ్యసనపరుల మెదడు స్పందన మిగతావారికంటే మందకొడిగా ఉంది.