నీకు నువ్వే సాక్షివైన సర్టిఫికెట్‌కు

మహారాజశ్రీ టెస్ట్ సర్వర్ సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్ గారి దివ్యసముఖానికి, మాదాపూర్‌లో ఐదో అంతస్తులో కూర్చునే ఒక డెవలపర్ నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగిపోయాను. సర్వర్ ఎవరిదో బ్రౌజర్‌కు చూపించే గుర్తింపు పత్రం తమరు; తమరి గడువు నిన్న రాత్రితో తీరిపోయింది.

పొద్దున వచ్చేసరికి పేజీ మీద ఎర్ర త్రికోణం. తప్పు తమరిది కాదు లెండి. నెల కిందట తమరిని పుట్టించేటప్పుడు ఎన్ని రోజులో చెప్పడం మరిచిపోయాను. చెప్పకపోతే తమరిని తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్రోగ్రాము 30 రోజుల ఆయుష్షే రాస్తుంది. అంతకు ముందు కాలం చేసిన మీ పెద్దన్నగారికి 3650 రోజులు రాసిచ్చిన మహానుభావుడెవరో గానీ, పదేళ్ల తరువాత తాను ఈ ఆఫీసులో ఉండనని ఆయనకు బాగా తెలుసు.

తమరిని చూస్తే నాకు గెజిటెడ్ అధికారి గుర్తుకొస్తాడు. మార్కుల జాబితా జిరాక్సు మీద ఆకుపచ్చ సిరా సంతకం కోసం పశువుల డాక్టరు గారి గది ముందు గేదెలతో పాటు వరుసలో నిలబడిన తరం మాది. ఆయనకు మేమెవరో తెలియదు. అయినా ఆయన ముద్ర పడితేనే మా మార్కులు మావి. చివరికి ప్రభుత్వమే విసిగి, మీ సంతకం మీరే పెట్టుకోండి అంది. తమరిదీ అదే దారి: ‘నేను నేనే’ అని రాసుకుని, కింద తమరే సంతకం చేస్తారు. పిల్లికి ఎలుక సాక్షి అంటారు. ఇక్కడ పిల్లీ తమరే, ఎలుకా తమరే.

బ్రౌజర్‌కు మాత్రం ఇంకా ఆ ఆకుపచ్చ సిరాయే కావాలి. నమ్మదగిన అధికారుల జాబితా ఒకటి దాని దగ్గర ఉంటుంది. 2011లో నెదర్లాండ్స్‌లో సర్టిఫికెట్లు జారీచేసే డిజినోటార్ కంపెనీలోకి దొంగలు చొరబడి గూగుల్ పేరిట నకిలీ సర్టిఫికెట్ పుట్టిస్తే, ఆ కంపెనీనే జాబితాలోంచి కొట్టేశారు. అది అదే ఏడాది సెప్టెంబరులో దివాలా తీసింది. తమరికి ఆ భయం లేదు. జాబితాలో లేనివారిని ఎవరు కొట్టేస్తారు?

తమరిని దాటి లోపలికి వెళ్లడానికి మా దగ్గర మంత్రాలు బోలెడు. క్రోమ్ ఎర్ర పేజీ మీద రాయడానికి గడి ఎక్కడా ఉండదు. అయినా ‘దిస్‌ఈజ్‌అన్‌సేఫ్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో ఖాళీలు లేకుండా గాలిలో రాసినట్టు కొడితే తలుపు తెరుచుకుంటుంది. ప్రమాదమని నోటితో ఒప్పుకుంటే చాలు! కమాండుతో పేజీలు తెచ్చే కర్ల్‌కు ఒక చిన్న ‘కె’ చాలు. జావా సర్టిఫికెట్ల పెట్టెకు మొదటి నుంచీ పాస్‌వర్డ్ ‘చేంజిట్’, అంటే మార్చండి అని. నేను చూసిన ఏ సర్వర్‌లోనూ ఎవరూ మార్చలేదు.

ఇక పైథాన్‌ కోడ్‌లో వెరిఫై (సర్టిఫికెట్ సరిచూడాలా) అన్నచోట ఫాల్స్ (వద్దు) అని రాస్తాం. పోయిన వారం అసలు సర్వర్‌లో నడుస్తున్న కోడ్‌లోనే అది కనిపించింది. పక్కనే ఒక గమనిక: ‘తాత్కాలికం. రిలీజ్‌కు ముందు తీసేయాలి.’ ఎవరా ఘనుడు అని, ఏ మార్పు ఎవరు చేశారో చిట్టా రాసిపెట్టే గిట్‌ను అడిగాను. 2019. నా పేరు. నేను టీకి వెళ్లిపోయాను.

పక్క జట్టు తెలివైనది. సొంతంగా సర్టిఫికెట్లు ఇచ్చుకునే ఎంకేసర్ట్ అనే పనిముట్టు తెచ్చి, ఎవరి కంప్యూటర్‌లో వారే ఒక చిన్న అధికారిని నియమించుకున్నారు. ఎర్ర పేజీ రాదు. ఆ అధికారి రహస్య తాళాన్ని ఎవరితోనూ పంచుకోవద్దని తయారుచేసినవారు స్పష్టంగా రాశారు. మావాళ్లు తాళంతో పాటు ఆ హెచ్చరికను కూడా గ్రూపులో పెట్టారు.

మొన్న ఆదివారం ఊరి నుంచి నాన్న ఫోను చేశారు. పాత ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పేజీ తెరవబోతే ఏదో హెచ్చరిక వచ్చిందట. ఆయన మాట పూర్తికాక ముందే, “అడ్వాన్స్‌డ్ అని ఉంటుంది, అది నొక్కి కింద చిన్న అక్షరాలు చూడండి నాన్నా” అన్నాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం.

“ఒరేయ్, మీ గడియారం వెనకబడి ఉందని రాసి ఉందిరా ఇక్కడ. చదవకుండానే ముందుకు పొమ్మంటావేమిటి?”

లోపలి బ్యాటరీ అయిపోయి తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయింది. తేదీ సరిచేస్తే పేజీ వచ్చింది. ఈ వృత్తిలో ఇన్నేళ్లుగా తమరి దగ్గర నేను నేర్చుకున్నది ఆ చిన్న అక్షరాలు ఎక్కడ ఉంటాయన్నదే.

బయట తమరి గొప్పింటి బంధువుల, అంటే ఆ జాబితాలోని అధికారులు సంతకం చేసిన సర్టిఫికెట్ల, ఆయుష్షు తరిగిపోతోంది. 2020 సెప్టెంబరు నుంచి 398 రోజులకు మించకూడదన్నారు. 2026 మార్చి 15 నుంచి 200, 2029 మార్చి 15 నుంచి 47. చేత్తో మార్చే పని మానేసి యంత్రానికి అప్పగించండని దాని భావం. మేమూ అప్పగించాం, క్యాలెండర్‌కు. అది గుర్తుచేసే మెయిల్ ఉద్యోగం మానేసి వెళ్లిన ఒకాయనకు ఠంచనుగా అందుతోంది.

తమరి స్థానంలో కొత్తవారు ఈ మధ్యాహ్నమే పుట్టారు. ఈసారి రోజులు చెప్పడం మరిచిపోలేదు. 3650 అని రాశాను. నా నోటీసు గడువు వచ్చే నెలాఖరుకు ముగుస్తుంది.

ఇట్లు,
తమ విధేయుడు
(స్వయంగా ధ్రువీకరించడమైనది)