గవర్నర్ సీటు మీద కర్చీఫ్

అమెరికాలో గవర్నర్ ఎన్నికలు ఏడాది దూరంలో ఉన్నాయంటే చాలు, ఒకటే గోల మొదలవుతుంది. ఫలానా కాంగ్రెస్ సభ్యుడు గవర్నర్ బరిలోకి దిగుతాడా, దిగడా? ఒకరోజు ‘సన్నిహిత వర్గాల భోగట్టా’, ఇంకోరోజు ‘కుటుంబంతో చర్చిస్తున్నారు’, మూడోరోజు ‘తగిన సమయంలో చెబుతారు’. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నామినేషన్ కాగితం ముట్టుకోని మనిషి మీద అప్పుడే సర్వేలు కూడా వచ్చేస్తాయి. డాలస్ నుంచి, ఎడిసన్ నుంచి మనవాళ్లు ఇవే లింకులు తెలుగు గ్రూపుల్లో పడేసి, ‘ఈయన ఖాయం’ అని తీర్పులిచ్చేస్తారు.

ముందు ఇక్కడి పాఠకుల కోసం ఒక మాట. అక్కడ గవర్నర్ అంటే మన రాజ్‌భవన్ గవర్నర్ కాదు, మన ముఖ్యమంత్రి. బడ్జెట్, వీటో, నేషనల్ గార్డ్, నియామకాలు అన్నీ ఆయన చేతిలోనే. కాంగ్రెస్ సభ్యుడు అంటే చెయ్యి గుర్తు పార్టీ మనిషి కాదు, వాషింగ్టన్‌లోని పార్లమెంటు సభ్యుడు. 435 మంది ఉన్న ప్రతినిధుల సభలో ఒకడిగా, అదీ మైనారిటీ పక్షంలో కూర్చుని ఉపన్యాసాలిచ్చేవాడికి రాష్ట్రాన్ని ఏలే కుర్చీ మీద మనసు పోవడంలో వింతేమీ లేదు. ఆశ ఉందా లేదా అన్నది అసలు వార్తే కాదు. ఆశ అందరికీ ఉంటుంది. ఆ ఆశకు పెట్టాల్సిన ఖర్చెంత అన్నదే వార్త, అది మాత్రం ఎవరూ రాయరు.

ఆ ఖర్చు చెప్పేది క్యాలెండర్. ప్రతినిధుల సభ పదవీకాలం రెండేళ్లే. ప్రతి సరిసంఖ్య సంవత్సరం నవంబర్‌లో మొత్తం 435 సీట్లకూ ఎన్నికే. 2026లో గవర్నర్ ఎన్నికలు జరిగే 36 రాష్ట్రాల్లోనూ అదే రోజు, అదే బ్యాలెట్ మీద ఈ రెండూ ఉంటాయి. కాబట్టి గవర్నర్‌కి పోటీ చేయాలంటే ఉన్న సీటు వదులుకోవాల్సిందే. ఓడితే జనవరిలో ఇంటికి. ఫ్లోరిడాలో బైరన్ డొనాల్డ్స్, మిషిగన్‌లో జాన్ జేమ్స్, సౌత్ కరోలినాలో నాన్సీ మేస్, రాల్ఫ్ నార్మన్ 2025లోనే పోటీ ప్రకటించినప్పుడు పెట్టిన పందెం అదే.

ఇప్పుడు బేసి సంవత్సరాల రాష్ట్రాలు చూడండి. న్యూజెర్సీ, వర్జీనియా, కెంటకీ, లూసియానా, మిసిసిపీ, ఈ ఐదే. ఇక్కడ సభ్యత్వం జేబులో పెట్టుకునే పోటీ చేయొచ్చు. న్యూజెర్సీలో మికీ షెరిల్ 2024లో సభకు తిరిగి గెలిచి, 2025లో సభ్యురాలిగా ఉంటూనే గవర్నర్‌కి పోటీ చేసి గెలిచారు. రాజీనామా గెలిచాకే. ఆ పోటీకి పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ ఎన్నికలో ఓడిన మరో సభ్యుడు జాష్ గాట్‌హైమర్ మర్నాడు పొద్దున్న హాయిగా తన కాంగ్రెస్ ఆఫీసుకు వెళ్లొచ్చు, సీటు ఎక్కడికీ పోలేదు. చిత్రమేమిటంటే వర్జీనియాలో అబిగైల్ స్పాన్‌బర్గర్‌కీ అదే వెసులుబాటు ఉన్నా వాడుకోలేదు. 2024లో సభకు పోటీ చేయనని 2023 నవంబర్‌లోనే చెప్పి, పూర్తికాలం రాష్ట్రం మీదే పడ్డారు, 2025లో గెలిచారు. (ఆ ఎన్నికలోనే లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన గజాలా హష్మీ హైదరాబాద్‌లో పుట్టినావిడ. మన గ్రూపుల్లో ఆ ఫొటో ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు.)

కాంగ్రెస్‌లో ఎగువసభ అయిన సెనేట్ సభ్యుల లెక్క మళ్లీ వేరు. ఆరేళ్ల పదవి కనుక పుట్టిన తేదీ చూసినట్టు ముందు వాళ్ల గడువు తేదీ చూడాలి. కొలరాడో మైకేల్ బెనెట్‌కి 2028 ఎన్నికదాకా సమయముంది. 2024లో గెలిచిన టెనెసీ మార్షా బ్లాక్‌బర్న్, మిన్నెసోటా ఎమీ క్లోబుచార్‌లకు 2031 జనవరిదాకా ఢోకా లేదు. ముగ్గురూ 2026 గవర్నర్ బరిలోకి దిగారు. ఓడినా సెనేట్ కుర్చీ అలాగే ఉంటుంది. అలబామా టామీ టబర్‌విల్‌ది మాత్రం 2027 జనవరితో ముగిసే పదవి. ఆయన దిగాడంటే సెనేట్ వదిలేసినట్టే. ‘ఫలానా సెనేటర్ దిగుతారట’ అన్న ఒకే రకం వార్త కింద ఇన్ని తేడాలున్నాయి.

గెలిస్తే ఇంకో తిరకాసు. ప్రతినిధుల సభలో ఖాళీ వస్తే గవర్నర్ ఎవర్నీ నియమించలేడు, ఉప ఎన్నిక పెట్టాల్సిందే. అది రాజ్యాంగంలోనే ఉంది. సెనేట్ ఖాళీని మాత్రం చాలా రాష్ట్రాల్లో గవర్నరే తాత్కాలికంగా నింపుతాడు. అంటే సెనేటర్ గవర్నరైతే తన వారసుణ్ణి తానే పెట్టుకోవచ్చు! 2002లో అలాస్కాలో ఫ్రాంక్ మర్కౌస్కీ గెలిచి, ఖాళీ అయిన తన సీట్లో సొంత కూతురు లీసాను కూర్చోబెట్టాడు. వారసత్వ రాజకీయం మన సొత్తే అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఆవిడ ఇప్పటికీ సెనేటరే.

మన దగ్గర ఇంత బాధ లేదు. 2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో రేవంత్ రెడ్డి, ఉత్తమ్ కుమార్ రెడ్డి, కోమటిరెడ్డి వెంకట్ రెడ్డి ఎంపీలుగా ఉంటూనే పోటీ చేసి గెలిచారు, తర్వాత ఎంపీ పదవులు వదిలారు. బండి సంజయ్, ధర్మపురి అర్వింద్ ఓడిపోయి ఎంపీలుగానే కొనసాగారు. రెండిట్లో ఒకటి వదలడానికి మన చట్టం ఇచ్చే గడువు గెలిచాక పద్నాలుగు రోజులు. సరిసంఖ్య సంవత్సరంలో దిగే అమెరికా ప్రతినిధుల సభ సభ్యుడికి ఆ పద్నాలుగు రోజులు లేవు. నామినేషన్ నాడే తేల్చుకోవాలి. అందుకే అక్కడ ఊహాగానాలు అంతకాలం సాగుతాయి. తేల్చుకోవడం ఖరీదు, నాన్చడం ఉచితం.

నాన్చడం ఉచితమే కాదు, లాభం కూడా. పల్లెవెలుగు బస్సు ఇంకా ఆగకుండానే కిటికీలోంచి కర్చీఫ్ వేసేవాణ్ణి చూసే ఉంటారు. ఎక్కుతాడో లేదో తెలీదు, సీటు మాత్రం ఆయనది. ‘ఆలోచిస్తున్నాను’ అన్న ప్రకటన సరిగ్గా ఆ కర్చీఫే. ఎన్నికల చందాలిచ్చేవాళ్లు వేరేవాళ్లకి మాట ఇవ్వకుండా ఆగుతారు. చిన్న నాయకులు వెనక్కి తగ్గుతారు. వాషింగ్టన్‌లో పార్టీ పెద్దలు ‘ఈయన సీటు వదిలితే మనకు గండి’ అనుకుని పిలిచి కమిటీ పదవి మాటలు మాట్లాడతారు. కర్చీఫ్ వేసిన మనిషికి ఇందులో పోయేదేమీ లేదు. పోయేది బస్సులో నిలబడ్డవాళ్లకి. ఆయన సీటుకి పోటీ చేద్దామనుకున్న కౌంటీ నాయకుడు ఉద్యోగం మానాలో వద్దో తెలీక ఏడాది గడిపేస్తాడు. నా కోపమంతా ఇక్కడే. ఈ కర్చీఫ్‌ని వార్తగా మోసేవాళ్లు ఆ ఆటలో పావులవుతున్నారు.

ప్రకటనలు చదవడమూ ఒక విద్య. ‘ప్రస్తుతం నా దృష్టంతా నా నియోజకవర్గం మీదే’ అంటే దిగొచ్చు అని అర్థం, ‘ప్రస్తుతం’ అన్న మాటలోనే ఉంది కిటుకు. ‘ఆ అవకాశాన్ని కొట్టిపారేయను’ అంటే కర్చీఫ్ పడింది. నిజమైన ‘కాదు’ ఎలా ఉంటుందో 1884లో అమెరికా అంతర్యుద్ధ సేనాని జనరల్ షెర్మన్ చూపించాడు. అధ్యక్ష పదవికి నిలబెట్టాలని చూస్తే, నామినేట్ చేసినా ఒప్పుకోను, ఎన్నుకున్నా పదవి చేపట్టను అన్నాడు. అంత తెగేసి చెప్పనంతవరకూ కర్ర విరగకుండా పాము చావకుండా మాట్లాడుతున్నట్టే లెక్క.

నోటి మాట వదిలేసి డబ్బు చూడండి. ఫెడరల్ అభ్యర్థికి ఒక వ్యక్తి ఇవ్వగలిగేది 2025-26లో ఒక్కో ఎన్నికకు 3,500 డాలర్లు. ప్రైమరీ ఒకటి, నవంబర్‌లో జరిగే అసలు ఎన్నిక ఒకటి, కలిపి 7,000. గవర్నర్ పోటీకి ఆ లెక్క పనికిరాదు, రాష్ట్రాల చట్టాలు వేరు. టెక్సస్, వర్జీనియాల్లో వ్యక్తుల చందాకు పరిమితే లేదు. న్యూయార్క్‌లో రెండు దశలకూ కలిపి 18,000. ఫ్లోరిడాలో అభ్యర్థి ఖాతాకు 3,000, కానీ పక్కనే పెట్టుకునే పొలిటికల్ కమిటీకి ఎంతైనా ఇవ్వొచ్చు. కాంగ్రెస్ ఖాతాలో పోగైన సొమ్ము రాష్ట్ర ఖాతాకు ఎంత మళ్లుతుందన్నది ఆ రాష్ట్ర చట్టం తేల్చాలి. కాబట్టి ‘ఆయన దగ్గర ఇన్ని మిలియన్లున్నాయి’ అన్న వార్త చూసి మురిసిపోకండి, అందులో ఎంత రాష్ట్ర ఖాతాలోకి దాటుతుందో అడగండి. ఫెడరల్ ఎలక్షన్ కమిషన్‌కు ఇచ్చే త్రైమాసిక లెక్కలు ఎన్నికల ఏడాదిలో ఏప్రిల్ 15, జులై 15, అక్టోబర్ 15 నాటికి వస్తాయి, ఏడాది చివరిది జనవరి 31కి. ఎవరైనా చదవొచ్చు. ఖర్చుల కాలమ్‌లో సర్వే కంపెనీకి పెద్ద మొత్తం, నియోజకవర్గం బయట హాలు అద్దెలు, రాష్ట్రం అవతలి కొసన కన్సల్టెంట్ కనబడ్డారంటే సన్నిహిత వర్గాలు అక్కర్లేదు. రాష్ట్ర ఎన్నికల బోర్డులో కమిటీ నమోదైందంటే ఇక మాట్లాడుకోవాల్సిందేమీ లేదు.

ఇంకో కొలత, రాష్ట్రం సైజు. న్యూయార్క్‌లో 26 నియోజకవర్గాలు, ఒక్కోదానిలో సుమారు 7.8 లక్షల జనం. అందులో ఒకదాని సభ్యుణ్ణి మిగతా 25 చోట్ల ఎవరూ ఎరగరు. సౌత్ డకోటా, నార్త్ డకోటాల్లో రాష్ట్రమంతా కలిపి ఒకటే సీటు. అక్కడ కాంగ్రెస్ సభ్యుడంటే రాష్ట్రమంతటా ఓటు అడిగి గెలిచినవాడే. క్రిస్టీ నోమ్ 2018లో, కెల్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ 2024లో ఆ మెట్టు మీదుగానే గవర్నర్లయ్యారు. సౌత్ డకోటా డస్టీ జాన్సన్ మీద ఊహాగానాలొచ్చినప్పుడు ఆశ్చర్యపోవాల్సిందేమీ లేకపోయింది. 2025 జూన్ చివర్లో ఆయన ప్రకటించేశాడు.

సంతకాల గండం సంగతి ఎవరూ పట్టించుకోరు. మిషిగన్‌లో గవర్నర్ ప్రైమరీ బ్యాలెట్ ఎక్కాలంటే కనీసం 15,000 చెల్లుబాటయ్యే సంతకాలు తేవాలి. 2022లో రిపబ్లికన్లు పదిమంది కాగితాలు వేస్తే ఐదుగురు ఎగిరిపోయారు. అందులో డెట్రాయిట్ పోలీసు మాజీ చీఫ్ జేమ్స్ క్రెయిగ్ ఒకరు, సర్వేల్లో ముందున్న మనిషి. సంతకానికింత అని డబ్బు తీసుకున్న బృందాలు ఒకే చేతిరాతతో కాగితాలు నింపేశాయి. అభ్యర్థులు తనిఖీ చేసుకోలేదు. ఆలస్యంగా దిగేవాడు సంతకాలు కొనుక్కోవాలి, తొందరలో కొన్న సంతకాల్లో దొంగవి ఎక్కువ. ‘చివరి నిమిషంలో సంచలన ప్రవేశం’ అని రాసేవాళ్లు ఈ 15,000 ఎక్కడినుంచి వస్తాయో ఒక్కసారి ఆలోచిస్తే బాగుండు.

ఇవన్నీ ఒకేచోట చూడాలంటే న్యూయార్క్. 2022లో డెమోక్రాట్ టామ్ స్వాజీ తన లాంగ్ ఐలండ్ సీటు వదిలి గవర్నర్ క్యాథీ హోకుల్ మీద ప్రైమరీకి దిగి మూడోస్థానంలో మిగిలాడు. ఖాళీ అయిన సీటు ఎవరికి పోయింది? జార్జ్ శాంటోస్‌కి. అవును, తన గురించి అబద్ధాలు చెప్పుకుని గెలిచిన ఆ శాంటోస్‌కే. 2023 డిసెంబర్‌లో సభ ఆయన్ని బహిష్కరించాక 2024 ఫిబ్రవరి ఉప ఎన్నికలో స్వాజీయే తిరిగి గెలుచుకున్నాడు. ఒక మనిషి ఆశ ఖరీదు ఆ నియోజకవర్గం దాదాపు ఏడాది కట్టింది.

తర్వాత 2025. న్యూయార్క్ రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుడు మైక్ లాలర్ గవర్నర్ బరిలో దిగుతాడా అని నెలల తరబడి నలిగింది. ఆయన సీటు 2024లో కమలా హారిస్‌కు మెజారిటీ ఇచ్చిన చోటు, రిపబ్లికన్లకు ఆయన తప్ప వేరే దిక్కు లేదు. సభలో పార్టీకున్నదే 220-215 బొటాబొటీ. మే నెలలో ట్రంప్ ఆయన్ని మెచ్చుకుంటూ మద్దతు ప్రకటించాడు, గవర్నర్ పదవికి కాదు, సభకు తిరిగి పోటీ చేయడానికి! కథ అక్కడే ముగిసింది. లాలర్ నోటితో ఒప్పుకునేసరికి జులై 23 వచ్చింది, ఆ మధ్య వార్తలు మాత్రం ఆగలేదు.

మిగిలింది న్యూయార్క్‌లోనే మరో రిపబ్లికన్ సభ్యురాలు ఎలీస్ స్టెఫానిక్. ఐక్యరాజ్యసమితి రాయబారి అవుతానని సభలో పార్టీ నాయకత్వ పదవి వదిలారు. బొటాబొటీ మెజారిటీ భయంతో మార్చిలో ట్రంప్ ఆ నామినేషన్ వెనక్కి తీసుకున్నాడు. నవంబర్ 7న గవర్నర్ పోటీ ప్రకటించారు. డిసెంబర్‌లో నాసో కౌంటీ అధినేత బ్రూస్ బ్లేక్‌మన్ అడ్డం దిగాడు. ట్రంప్ ఎవరి పక్షమూ తేల్చలేదు. డిసెంబర్ 19న ఆవిడ తప్పుకున్నారు, సభకూ మళ్లీ పోటీ చేయనన్నారు. మర్నాడే ట్రంప్ బ్లేక్‌మన్‌కి జై కొట్టాడు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. ఏడాది కిందట ఆవిడ తిరుగులేని అభ్యర్థి అని రాసినవాళ్లెవరూ, 2002 తర్వాత రిపబ్లికన్ ఎవరూ రాష్ట్రవ్యాప్తంగా గెలవని చోటని గుర్తుచేయలేదు.

దిగకపోతే క్షేమమా అంటే అదీ లేదు. లూసియానా కాంగ్రెస్ సభ్యుడు గారెట్ గ్రేవ్స్ 2023 మార్చిలో గవర్నర్ పోటీ వద్దనుకున్నాడు. గెలిచిన జెఫ్ లాండ్రీతో ఆయనకు పొసగదు. 2024 జనవరిలో నియోజకవర్గాల మ్యాప్ మళ్లీ గీశారు, చెక్కిపారేసింది గ్రేవ్స్ సీటునే. ఆ జూన్‌లో ఆయన సభకు పోటీ చేయనని చెప్పేశాడు.

ఇక తర్వాతి గోల కెంటకీ నుంచి వస్తుంది. రెండుసార్లు గెలిచిన గవర్నర్ యాండీ బెషీర్ 2027లో మళ్లీ నిలబడలేడు, కుర్చీ ఖాళీ. బేసి సంవత్సరం కనుక కాంగ్రెస్ సభ్యుడికి సీటు వదులుకునే పనిలేదు. నామినేషన్ల గడువు జనవరి మొదట్లోనే, అంటే 2026 నవంబర్ ఎన్నిక అయిపోయాక చేతిలో ఉండేది రెండు నెలలే. అక్కడి రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుడు జేమ్స్ కోమర్ పేరు ఎప్పటినుంచో నలుగుతోంది. ఆయన మాటలు కాదు, ఆ రెండు నెలల ముందు ఏ కౌంటీల్లో తిరుగుతున్నాడో చూడండి. 2015లో ఇదే పదవికి రిపబ్లికన్ ప్రైమరీలో ఆయన మ్యాట్ బెవిన్ చేతిలో ఓడింది 83 ఓట్లతో.