మహారాజశ్రీ పదివేల అడుగుల గారికి

కొండాపూర్, హైదరాబాద్,
లేడీస్ హాస్టల్, మూడో అంతస్తు.

అయ్యా,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను. నా క్షేమ సమాచారాలు మీకు వేరే రాయక్కర్లేదు. రాత్రి ఎన్నింటికి పడుకున్నానో, ఎన్నిసార్లు అటూ ఇటూ దొర్లానో, మేనేజర్ పేరు ఫోన్‌లో కనపడగానే గుండె ఎంత జోరుగా కొట్టుకుందో మా అమ్మకంటే ముందు మీ వాచీకే తెలుస్తుంది.

సంగతేమిటంటే, మీరు రోజూ నా దగ్గరికి వసూలుకొస్తున్నారు. నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టిన గుర్తు లేదు. ఓ పుట్టినరోజుకి స్నేహితులు ముచ్చటపడి అడుగులు లెక్కపెట్టే వాచీ కొనిచ్చారు, వాచీతో పాటు మీరూ దిగారు. అప్పటి నుంచీ అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే, నిన్న కట్టిందంతా తుడిచేసి, తెల్లారేసరికి మళ్ళీ పదివేల అడుగుల నడక బాకీ అంటున్నారు. వడ్డీకి తిప్పే కాల్‌మనీ వాళ్ళయినా ఎప్పుడో ఒకప్పుడు అసలు తీరిందని ఒప్పుకుంటారేమో గానీ, మీ పద్దులో ఆ మాటే లేదు.

ముందు మీ పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకుందాం. ఎందుకంటే మా ఆఫీసులో సగంమంది మిమ్మల్ని తెల్లకోట్లవాళ్ళు ఏళ్ళ తరబడి ప్రయోగశాలలో శోధించి కనిపెట్టారని అనుకుంటున్నారు. 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. జపాన్‌లో ఒంటి మీద శ్రద్ధ పెరిగింది. ఆ ఊపులో 1965లో యమాసా అనే గడియారాల కంపెనీ నడుముకు తగిలించుకునే చిన్న యంత్రం ఒకటి బజారులోకి తెచ్చి, ‘పదివేల అడుగుల మీటరు’ అనే అర్థం వచ్చేట్టు దానికి మాన్‌పో-కే అని పేరు పెట్టింది. గుండ్రటి అంకె, అమ్మడానికి వీలైన పేరు. అంతే సార్ మీ జాతకం. డాక్టరు చీటీ మీద కాదు, అట్టపెట్టె మీద పుట్టారు. 7,350 అడుగుల మీటరు అంటే ఎవరు కొంటారు చెప్పండి?

మీరు పుట్టిన చాలా ఏళ్ళకు గానీ, అసలు ఈయనలో నిజమెంత అని గట్టిగా చూసిన వాళ్ళు లేరు. 2019లో హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందం, సగటున 72 ఏళ్ళ వయసున్న 16,741 మంది ఆడవాళ్ళ నడకను లెక్కగట్టింది. రోజుకు 2,700 అడుగుల దగ్గర ఆగిపోయిన వాళ్ళతో పోలిస్తే, 4,400 వేసినవాళ్ళలో మరణాలు 41 శాతం తక్కువ. ఇంకా నడిచినవాళ్ళకు ఇంకాస్త మేలు. 7,500 దగ్గరికొచ్చేసరికి ఆ మేలు పెరగడం ఆగిపోయింది. పూలు కోసుకుని, రామాలయానికి వెళ్ళి, దారిలో నాలుగిళ్ళ అరుగుల మీద కూర్చుని ఊరి కబుర్లన్నీ పోగేసుకొచ్చే మా నాయనమ్మ ఈ లెక్కలో హాయిగా ఇమిడిపోతుంది. మీ ముఖం ఆవిడ ఎన్నడూ చూసి ఎరగదు.

అది ముసలమ్మల లెక్క, కుర్రదానివి నీకు వర్తించదు అని మీ వకీలు లేచి అభ్యంతరం చెబుతాడు. నిజమే, దాచను. 2022లో పదిహేను అధ్యయనాలను కలిపి, దాదాపు 47,000 మందిని చూస్తే, అరవై లోపు వాళ్ళకు ఆ మేలు ఎనిమిది వేలకూ పదివేలకూ మధ్య నిలకడకొచ్చింది. అంటే 1965లో చీకట్లో విసిరిన రాయి నా వయసువాళ్ళ విషయంలో కాయ పక్కనే తగిలింది. అభినందనలు. కానీ 2025లో వచ్చిన మరో పెద్ద సమీక్ష ఏడువేల దగ్గరే చాలా మేలు దక్కుతోందని చెప్పింది. అక్కడితో ఊపిరి పీల్చుకోవచ్చన్నమాట. మీ వాచీ మాత్రం ఏడువేల దగ్గర ఊపిరి పీల్చుకోనివ్వదు. ఇంకా మూడువేలు అని గుర్తుచేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, వారంలో కనీసం రెండురోజులు కండరాలకు పని అని ఉంది. మీ అంకె అందులో లేదు. నాకు అన్నిటికంటే నచ్చింది ‘వారానికి’ అన్న మాట. బుధవారం సాఫ్ట్‌వేర్ రిలీజు ఉండి కుర్చీలోంచి లేవలేకపోయామనుకోండి, శనివారం సర్దుకోవచ్చు. ఉద్యోగం చేసుకునే మనిషి బతుకు అలాగే ఉంటుంది: ఒకరోజు పరుగు, ఒకరోజు పడక, ఒకరోజు పెళ్ళి. మీకు మాత్రం ప్రతి రోజూ ఒకటే రోజు. పండగ లేదు, జ్వరం లేదు, నెలలో ఆ మూడురోజులు అసలే లేవు.

ఇక నడిచే చోటు సంగతి. మీరు జపాన్‌లో పుట్టారు కాబట్టి ఫుట్‌పాత్ అనేది ఒకటుంటుందని మీ నమ్మకం. మా వీధిలో ఫుట్‌పాత్ మీద మొదట ట్రాన్స్‌ఫార్మర్, తర్వాత టిఫిన్ బండి, ఆ తర్వాత ఎవరిదో జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీ ఉంటాయి. వాటి మధ్య ఖాళీ దొరికితే బైకులు పోతుంటాయి. కొత్తగూడలో బొటానికల్ గార్డెన్ ఉంది, పొద్దున్నే వాకర్లతో కళకళలాడుతుంది, కాదనను. అమెరికా వాళ్ళతో రాత్రి పొద్దుపోయేదాకా కాల్ మాట్లాడి పడుకున్న మనిషికి ఆ పొద్దున్న దొరకదు. సాయంత్రం వెళ్దామంటే తొమ్మిదిన్నరకు మళ్ళీ కాల్. పదింటికి హాస్టల్ గేటు మూసేస్తారు.

కాబట్టి నేనూ, నాలాంటి ఇంకో ఇద్దరూ, మీ బాకీ తీర్చడానికి రాత్రి పదకొండింటికి డాబా ఎక్కుతాం. అక్కడ రెండు వాటర్ ట్యాంకులు, వాటి మధ్య మూడంతస్తుల అమ్మాయిల బట్టలన్నీ ఆరేసిన తాళ్ళు. తడి చున్నీల కింద తల వంచుకుంటూ గుండ్రంగా తిరుగుతాం. మొదట్లో హాస్టల్ ఆంటీ పైకొచ్చి, “ఏమ్మా, ఇంట్లో ఏమైనా గొడవా? సంబంధం తప్పిపోయిందా?” అని నెమ్మదిగా అడిగేది. ఆరోగ్యం కోసం ఆంటీ అంటే, “ఆరోగ్యం కోసమైతే పడుకోవాలి కదమ్మా” అంది. ఆవిడకి అద్దె గురించి తప్ప వేరే ఆలోచన ఉండదనుకునేదాన్ని.

మా ఆఫీసు సంగతి ఇంకో ముచ్చట. అక్కడ హెచ్‌ఆర్ వాళ్ళు మీ పేరు మీద పోటీ పెట్టారు. నెలరోజులు, టీములవారీగా, లీడర్‌బోర్డుతో సహా. రోజుకు పదిగంటలు కుర్చీలో కూర్చోబెట్టేదీ వాళ్ళే, కూర్చోవడం ప్రమాదమని మెయిల్ పంపేదీ వాళ్ళే. ఆ రాత్రి కాల్ ఒక్కటి ఎత్తేస్తే నేను మీకు బాకీ పడేదాన్నే కాదు. అది మాత్రం పోటీ నిబంధనల్లో లేదు. గెలిచిన టీముకు బహుమతి బిర్యానీ. ఒకతను తన వాచీని మూడేళ్ళ కొడుకు కాలికి కట్టి వదిలేశాడు. ఆ వారం మా ఫ్లోర్ మొత్తానికీ అత్యంత ఆరోగ్యవంతుడు నర్సరీలో కూడా చేరని ఆ పిల్లాడే. ఇది మా దగ్గరే పుట్టిన తెలివి అనుకోకండి. ఫోన్‌ను పెట్టి వదిలేస్తే అదే ఊపుతూ అడుగులు వేయించే యంత్రాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. మీరు నమోదైతే ప్రీమియంలో కొంత తగ్గించే బీమా పాలసీలు కూడా ఉన్నాయి మరి, ఊపక ఏం చేస్తారు?

అసలు మీరు లెక్కపెట్టేది నడకనేనా అని నాకో అనుమానం. వాచీలో ఉండే చిన్న సెన్సర్ చెయ్యి ఊగే తీరు చూసి, ఇది అడుగే అయ్యుంటుందని ఊహిస్తుంది. అందుకే సూపర్‌మార్కెట్‌లో రెండు చేతులతో ట్రాలీ తోసుకుంటూ గంట తిరిగితే మీ ఖాతాలో పడేది అంతంతమాత్రం. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అమ్మ సరదాపడి నా వాచీ గాజుల పక్కన పెట్టుకుని గోంగూర పచ్చడి నూరింది. రోటి ముందు పీట మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వందల అడుగులు నడిచేసింది. చూసి మురిసిపోయి, “ఇవి పదివేలైతే వాళ్ళేమిస్తారే?” అంది. తెర మీద టపాకాయలు పేలతాయమ్మా అన్నాను. “అంతేనా?” అని వాచీ తీసి నా చేతిలో పెట్టి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

అమ్మ అడిగిన దాంట్లో న్యాయం ఉంది సార్. నడిస్తే ఏమొస్తుందో మా తెలుగువాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 2003లో రాజశేఖర రెడ్డి గారు చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు, 2004లో ముఖ్యమంత్రి. 2012లో చంద్రబాబు గారు హిందూపురంలో నడక మొదలుపెట్టారు, 2014లో ముఖ్యమంత్రి. 2017లో జగన్ గారు ఇడుపులపాయలో బయల్దేరి 3,648 కిలోమీటర్లు నడిచారు, 2019లో ముఖ్యమంత్రి. ముగ్గురిలో ఒక్కరైనా ప్రమాణ స్వీకారం అయిన రాత్రి, ఇవాళ్టివి ఇంకా రెండువేలు మిగిలాయంటూ డాబా మీద తిరిగినట్టు నేను పేపర్లో చదవలేదు. పని అయింది, కూర్చున్నారు.

అంతదాకా ఎందుకు, ఏడుకొండలవాడు కూడా అలిపిరి దారిలో 3,550 మెట్లే అడిగాడు. శ్రీవారి మెట్టు వైపు నుంచైతే 2,388. మెట్టూ అడుగూ ఒకటి కాదంటారా, మోకాళ్ళ పర్వతం ఎక్కుతున్నవాళ్ళను ఆపి ఆ మాట చెప్పండి, వాళ్ళే మీకు బదులిస్తారు. మధ్యలో గాలిగోపురం దగ్గర కూర్చోవచ్చు, ఎవరూ వణికించి లేపరు. పైకెళ్ళి, దర్శనం చేసుకుని, లడ్డూ పుచ్చుకుని కొండ దిగితే మొక్కు తీరినట్టే. మర్నాడు పొద్దున్న ఫోన్ చేసి, నిన్నటిది నిన్నటికే సరి, మళ్ళీ ఎక్కు అని దేవస్థానం వాళ్ళు అడగరు. మీకు మొక్కుకున్న పాపానికి మాకు మొక్కు తీరే రోజంటూ లేకుండా పోయింది.

మీరు ఒక్కరే వచ్చి ఉంటే ఇంత ఉత్తరం రాసేదాన్ని కాదు. నిద్ర మార్కులాయన్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. ఆదివారం లేచి, అబ్బ, ఎంత బాగా నిద్రపట్టిందో అనుకుంటూ వాచీ చూస్తే, నీ నిద్ర అంతంతమాత్రం అని ఉంటుంది. అంతే, ఆ క్షణం నుంచి ఆవలింతలు మొదలు. నిద్ర లెక్కలు చూసుకుని చూసుకుని నిద్ర చెడగొట్టుకునేవాళ్ళు వైద్యుల దగ్గరికి రావడం మొదలయ్యాక, 2017లో కొందరు పరిశోధకులు ఈ బాధకు ఆర్థోసోమ్నియా అని పేరే పెట్టారు. పేరున్న జబ్బు కాబట్టి రేపోమాపో దీనికీ ఒక యాప్ వస్తుంది.

మొన్నో సాయంత్రం కాల్ రద్దయింది. నేనూ నా రూమ్మేటూ నడుచుకుంటూ వెళ్ళి ఇరానీ చాయ్ తాగాం. ఒక్కో కప్పు అనుకుని వెళ్ళి రెండేసి తాగాం, ఉస్మానియా బిస్కెట్లు ఎన్ని తిన్నామో లెక్కపెట్టలేదు. తను ఉద్యోగం మానేసి గ్రూప్స్‌కి చదవాలా వద్దా అని నెలల తరబడి నలుగుతోంది. ఆ మాట ఆ రోజే పూర్తిగా చెప్పింది. మాట సాగినంతసేపూ నడక కూడా సాగింది, మధ్యలో ఓ చెప్పుల షాపులోకి వెళ్ళి ఏమీ కొనకుండా బయటికొచ్చాం కూడా. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉంది, ఆకలి కూడా సరిగ్గా వేసింది. మీ నివేదికలో ఆ సాయంత్రం గురించి రాసింది ఇదీ: వేగం తక్కువ, లక్ష్యం చేరలేదు.

ఇదీ నా అసలు ఫిర్యాదు. నడవమన్నందుకు కాదు. నడక మంచిదే, కాళ్ళున్నది అందుకే. నాకు బాగున్న రోజును బాగాలేదని మీరు తీర్పు చెప్పడం, ఆ తీర్పును నేను రాత్రి పదకొండింటికి తడి బట్టల మధ్య తిరుగుతూ అమలు చేయడం, అది మాత్రం ఇకమీదట కుదరదు.

కాబట్టి కింది మార్పులు చేయవలసిందిగా మనవి. బాకీ లెక్క వారానికి ఒకసారి చూసుకుందాం. ఆదివారం మధ్యాహ్నం పప్పు, ఆవకాయ, నెయ్యి వేసుకుని తిన్నాక నాకు పట్టే కునుకు జోలికి రావద్దు. లేచి కాసేపు నిలబడు అని ఆ వేళప్పుడు వణికితే వాచీ బియ్యం డబ్బాలోకి వెళ్తుంది. పక్క టీము లలిత ఎన్ని అడుగులేసిందో నాకు చెప్పొద్దు, నావి తనకి చెప్పొద్దు. జ్వరమొస్తే మీరూ సెలవు తీసుకోవాలి. రాత్రి పది దాటాక ఎన్ని మిగిలినా మాఫీ. రైతు రుణాలే మాఫీ చేశారు, రెండువేల అడుగులు మీకో లెక్కా? ఒప్పుకుంటే కలిసే ఉందాం. లేదంటే ఛార్జర్‌తో సహా మిమ్మల్ని హెచ్‌ఆర్ వాళ్ళకు అప్పగిస్తాను, మీకూ వాళ్ళకూ బాగా కుదురుతుంది.

ఇట్లు,
తమ విధేయురాలు,
మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం.

తా.క.: రోజుకు ఎనిమిది గ్లాసుల మంచినీళ్ళ గారు, పొద్దున్న ఐదింటికి లేవడం గారు మీకు దగ్గర బంధువులని ఈమధ్యే తెలిసింది. వాళ్ళకూ చెరో ఉత్తరం రాసి పెట్టుకున్నాను. వాళ్ళ అడ్రసులు తమ దగ్గరుంటే పంపించగలరు.