పార్కింగ్ లాట్‌లో నాన్న

పదేళ్ళ కిందట కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఎవరైనా "మావాడు ఓలోనీ కాలేజీకి వెళ్తున్నాడు" అంటే, పైకి ఏమీ అనకపోయినా లోపల జాలిపడేవాళ్ళం. ఎక్కడా సీటు రాలేదేమో పాపం అని. కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ళ ప్రభుత్వ కాలేజీ) అంటే మన దృష్టిలో అంతే. ఇప్పుడు అదే మాట పదో తరగతి పిల్లాడి గురించి చెబితే, పక్కవాళ్ళు చేతిలో ప్లేటు కింద పెట్టి మరీ "ఏం కోర్సు? ఎన్ని యూనిట్లు?" అని ఆరా తీస్తున్నారు.

కాలేజీ మారలేదు, మన లెక్క మారింది. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో యూనిట్‌కు, అంటే ఒక క్రెడిట్‌కు, ఫీజు 46 డాలర్లు. హైస్కూల్లో చదువుతూ పార్ట్‌టైమ్‌గా చేరే పిల్లలకు చాలాచోట్ల అదీ మాఫీ. పైగా యూసీలకు (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకు) బదిలీ అయ్యే మూడు యూనిట్ల కోర్సు ఒక్క సెమిస్టర్ చేస్తే, హైస్కూల్లో ఏడాది చదివినట్టే లెక్క. అందులో 'ఏ' వస్తే యూసీ చూసే జీపీఏలో నాలుగు బదులు అయిదు పాయింట్లు, ఓ పరిమితి వరకు. ఏపీ క్లాసులకూ (ఇక్కడ ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఆ అదనపు పాయింటు ఉంది. కానీ కాలేజీ క్రెడిట్ కావాలంటే మే నెలలో రాసే ఒక్క పరీక్షే దిక్కు. కమ్యూనిటీ కాలేజీలో ఆ ఒక్కరోజు టెన్షన్ లేదు. ఎంసెట్ ర్యాంకుతో బతుకు తేల్చుకున్న తరానికి ఇంతకంటే ఏం కావాలి?

కానీ ఆ తరానికి అలవాటు లేనిది ఒకటి ఇందులో ఉంది. నాకు తెలిసిన ఒకాయన కొడుకు తొమ్మిది పూర్తికాగానే వేసవిలో ఆన్‌లైన్ ఎకనామిక్స్ తీసుకున్నాడు. మామూలుగా పదహారు పదిహేడు వారాల కోర్సును ఆరు వారాల్లోకి కుదించిన క్లాసు. రెండో వారానికే వాడికి ఊపిరాడలేదు. లాగిన్ అవడం మానేస్తే వాళ్ళే పేరు తీసేస్తారనుకున్నాడు. తీసేయలేదు. కోర్సు నుంచి తప్పుకునే (డ్రాప్) గడువు దాటింది. కంగారుపడ్డ తండ్రి ప్రొఫెసర్‌కు పెద్ద ఈమెయిల్ రాశాడు. జవాబు రెండే లైన్లు: విద్యార్థి గురించి మీతో మాట్లాడలేను, తననే రాయమనండి.

ఆ ప్రొఫెసర్‌ది పొగరు కాదు, చట్టం. విద్యార్థుల రికార్డుల గోప్యత కోసం 1974లో వచ్చిన ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరిన క్షణం నుంచి ఆ రికార్డుల మీద హక్కు విద్యార్థిది, వయసు పద్నాలుగైనా సరే. ట్యాక్సుల్లో మన మీద ఆధారపడ్డ పిల్లాడైతే కాలేజీ మనకు చూపించవచ్చు, చూపించి తీరాలని లేదు. హైస్కూల్ పోర్టల్‌లో రోజుకు నాలుగుసార్లు మార్కులు చూసుకునే అమ్మానాన్నలకు ఇది గేటు బయట నిలబెట్టడమే.

వాడికి వచ్చిన ఎఫ్ మాత్రం కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉండిపోయింది. ఎప్పుడో మెడికల్ స్కూల్‌కు అప్లై చేసినా, హైస్కూల్లో ఉండగా చేసిన కాలేజీ కోర్సులు కూడా ఆ ఫారంలో రాయాల్సిందే. పిల్లల్ని డాక్టర్లు చేయాలన్న తొందరలో ఉన్నవాళ్ళు ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

క్రెడిట్ల సంగతీ అంతే. యూసీలైతే ఏ కోర్సు ఎక్కడ దేనికి సరిపోతుందో అసిస్ట్ డాట్ ఆర్గ్ వెబ్‌సైట్‌లో ముందే చూసుకోవచ్చు. కానీ పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలు చాలావరకు హైస్కూల్ గ్రాడ్యుయేషన్‌కు వాడుకున్న కోర్సుకు మళ్ళీ క్రెడిట్ ఇవ్వవు. "రెండేళ్ళ ఫీజు మిగిలింది" అని వాట్సాప్ గ్రూపులో సంబరపడేవాళ్ళు ఎక్కడ మిగిలిందో కూడా చెబితే బాగుంటుంది.

ఇంకో మాట చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. 2015లో కాలిఫోర్నియా ఏబీ 288 చట్టం తెచ్చి హైస్కూళ్ళనీ కమ్యూనిటీ కాలేజీలనీ ఒప్పందాలతో కలిపింది కాలేజీ ఆలోచనే లేని పిల్లల కోసం, ఇంట్లో కాలేజీ ముఖం చూసినవాళ్ళు లేని పిల్లల కోసం. ఆ ఒప్పందం కింద కాకుండా విడిగా చేరే హైస్కూల్ పిల్లలకు రిజిస్ట్రేషన్‌లో చివరి వరుస ఇవ్వడం కూడా అందుకే, పెద్ద విద్యార్థుల సీటు వీళ్ళు తన్నుకుపోకూడదని. ఏపీలోని కాలిక్యులస్ బీసీ కోర్సు పదకొండో తరగతిలోపే అయిపోయి, తమ స్కూల్లో లేని మల్టీవేరియబుల్ కాలిక్యులస్ కోసం వచ్చే పిల్లాడికి ఆ సీటు నిజంగా అవసరం. స్కూల్లో ఉన్న హిస్టరీనే 'ఏ' తేలిగ్గా వస్తుందని ఇక్కడ తీసుకునేవాడికి కాదు.

అయినా ఈ చదువు వద్దని నేననను. మా ఇంట్లోనూ ఒకడు వెళ్తున్నాడు. సాయంత్రం ఆరున్నరకు స్టాటిస్టిక్స్. లైసెన్స్ లేదు కాబట్టి దింపే పని నాది. పార్కింగ్ లాట్‌లో కారులోనే కూర్చుని, ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు కాల్స్ కానిస్తుంటాను. మొన్న తొమ్మిదింటికి వచ్చి తలుపు వేశాడు. క్విజ్ ఎలా రాశావని అడగబోయి ఆగాను. వాడే మొదలుపెట్టాడు.

"నా పక్కన కూర్చునే ఆవిడకు ఇద్దరు పిల్లలంట నాన్నా. ఇప్పుడు ఇక్కణ్ణుంచి హాస్పిటల్‌కి నైట్ డ్యూటీకి వెళ్తుందట. స్టాండర్డ్ డీవియేషన్ నాకంటే బాగా చెప్పింది. శనివారం కలిసి చదువుకుందాం అంది, దింపుతావా?"