గోధుమ చేలోకి షరియత్‌కు ప్రవేశం లేదు

మతగ్రంథంలో ఉన్నది ఉన్నట్టు పాటించాలనే పెద్దమనుషులంటే నాకు ఎనలేని గౌరవం. ఏ మాట ఎక్కడిదాకా పాటించాలో తెలిసినవాళ్లంటే ఇంకా గౌరవం. ఆ విద్యలో పంజాబు ముస్లిం భూస్వాములు ఆరితేరినవాళ్లు.

ఖురాన్ నాలుగో అధ్యాయం పేరే 'స్త్రీలు'. ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా ఆడవాళ్లకు వాటా ఉంటుందని అందులో స్పష్టంగా ఉంది. కూతురికి కొడుకు వాటాలో సగం, పిల్లలున్న వితంతువుకు ఎనిమిదో వంతు. సగం ఇవ్వడం అన్యాయమని ఈ కాలం వాళ్లు గొణుగుతారు. పంజాబు పెద్దలు ఎప్పుడో గ్రహించారు. అందుకే సగం కూడా ఇవ్వలేదు.

వాళ్లకు అండ 'రివాజ్', అంటే ఆచారం. వారసత్వ తగాదాల్లో ముందు ఆచారాన్నే చూడమని 1872 నాటి పంజాబు చట్టం చెప్పింది. ఆచారమేమో పొలం మగవాళ్లదంది. కూతురు పెళ్లయి వేరే ఊరు వెళ్తుంది, వెనకాలే భూమి కూడా వెళ్లిపోతుందేమోనని బెంగ. భూమి నడవదన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేరు.

1937లో షరియత్ చట్టం వచ్చింది. ఇక ఆచారాలు చెల్లవు, మతచట్టమే చెల్లుతుందన్నారు. రెండో సెక్షన్‌లో బ్రాకెట్లలో ఓ చిన్న ముక్క మాత్రం చేర్చారు: వ్యవసాయ భూమి సంగతులు తప్ప. భూమి ప్రావిన్సుల (అప్పటి రాష్ట్రాల) పరిధిలోదని చట్టపరమైన సాకు కూడా ఉంది. ఆస్తంటేనే పొలమైన రోజులవి! అంటే దేవుడి ఆజ్ఞ మంచాలు, బిందెల దాకా చెల్లుతుంది, పొలం గట్టు దగ్గర ఆగిపోతుంది.

మద్రాసు రాష్ట్రం 1949లో ఆ మినహాయింపు తీసేసింది. అప్పట్లో కోస్తా, రాయలసీమ అందులోవే కాబట్టి మన ముస్లిం ఆడపడుచులకూ కాగితం మీద పొలం దక్కింది. ఆ కాగితం మీదే మళ్లీ సంతకం పెట్టించుకునే విద్యకు మతభేదం లేదు. 'పసుపు కుంకుమల కింద ఇచ్చేశాంగా' అనే అన్నలు మన ఊళ్లలో కొల్లలు.

పాకిస్తాన్‌లోని పశ్చిమ పంజాబు అంతకు ముందే, 1948లోనే పొలాన్ని కూడా షరియత్ కిందికి తెచ్చింది. పెద్దలేమీ టెన్షన్ పడలేదు. హక్కు వదులుకున్నట్టు చెల్లెలి చేత వేలిముద్ర వేయించుకున్నారు. వాటా అడిగితే పుట్టింటి గడప తొక్కనివ్వరు. అడక్కపోతే పండక్కి పిలిచి జత బట్టలు పెడతారు. సింధ్‌లో కొందరు భూస్వాముల భక్తి ఇంకా గొప్పది: కూతురికి ఏకంగా ఖురాన్‌తోనే పెళ్లి చేసేస్తారు. ఆ అల్లుడు ఆస్తి అడగడు కదా! ఆ గ్రంథంలో వాటాల లెక్క ఉన్న పేజీ మాత్రం పెళ్లికూతురికి చదివి వినిపించరు.

2011లో పాకిస్తాన్ పార్లమెంటు ఎందుకో తొందరపడింది. ఆడవాళ్ల వారసత్వం ఎగ్గొడితే 5 నుంచి 10 ఏళ్ల జైలు లేదా 10 లక్షల జరిమానా, లేకపోతే రెండూ. ఖురాన్‌తో పెళ్లి చేస్తే 3 నుంచి 7 ఏళ్లు. ఇది ఘోరం. అన్నదమ్ములందరినీ లోపలేస్తే సేద్యం ఎవరు చేస్తారండీ? పత్తి తీసేది, కలుపు పీకేది ఎలాగూ ఆడవాళ్లే అంటారా? నిజమే గానీ, ఆ పని చెయ్యడానికి పట్టా ఎందుకు?