ఇంటి దొంగ, 97 శాతం

ముందు పనికొచ్చే ముక్కలు గబగబా చెప్పేస్తాను, తర్వాత నా ఏడుపు. థీసిస్‌కి ఎడమ మార్జిన్ ఒకటిన్నర అంగుళం, ఎందుకంటే అందులో అర అంగుళం బైండింగ్ వాడు మింగేస్తాడు. మిగతా మూడు వైపులా ఒక్కో అంగుళం. టైమ్స్ న్యూ రోమన్ 12, వరసల మధ్య ఒకటిన్నర. ముందు పేజీలకు రోమన్ అంకెలు, మొదటి అధ్యాయం నుంచి మామూలు అంకెలు. వర్డ్‌లో రెండిటి మధ్య సెక్షన్ బ్రేక్ పెట్టి, ఫుటర్‌లో ‘లింక్ టు ప్రీవియస్’ తీసెయ్యాలి. లేకపోతే ఇక్కడ ఫుటర్‌లో ఏం మార్చినా అక్కడ సర్టిఫికెట్ పేజీ ఫుటర్ కూడా మారిపోతుంది. చివర్లో కంట్రోల్ ఎ, ఎఫ్9 నొక్కి విషయసూచిక మొత్తం అప్‌డేట్ చేసి, పీడీఎఫ్ చేసి, ఆ పీడీఎఫ్‌నే జిరాక్స్ షాపుకి పట్టుకెళ్లాలి. వర్డ్ ఫైలు ఇచ్చారో, అక్కడి కంప్యూటర్ దాన్ని తనకు నచ్చినట్టు సర్దుకుంటుంది, 84 పేజీలు 91 అవుతాయి.

ఇవన్నీ సక్రమంగానే చేశాను. పరువు పోయింది లైబ్రరీలో.

థీసిస్ ఇచ్చేలోపు ఒక పరిశోధన పేపర్ అచ్చయి ఉండాలని మా కాలేజీ రూలు. ‘గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి’ అంటూ రోజుకో మెయిల్ పంపి, డబ్బు కడితే రెండు రోజుల్లో వేసిపెడతామనే పత్రికలన్నీ దాటుకుని, నిజంగా చదివి తప్పులు పట్టే ఒక పత్రికలోనే వేయించాను. అందులో ఉన్నది నా మూడు, నాలుగు అధ్యాయాల సారమే. ఇంకెవరి సారం ఉంటుంది?

పేపర్ రాకముందే మా గైడు గారు, ‘ఎంతొస్తుందో ఓసారి చూద్దాం’ అని థీసిస్ చిత్తుప్రతిని తన లాగిన్‌లో కాపీ చెక్‌కి వేశారు. 18 శాతం వచ్చింది, అంటే అంత భాగం ఎక్కడో ముందే ఉన్న రాతలతో కలిసిందన్నమాట. నాది ఫ్లై యాష్, అంటే బొగ్గు బూడిద, కలిపిన కాంక్రీటు. 53 గ్రేడ్ సిమెంటు, 150 మిల్లీమీటర్ల క్యూబులు, 7 రోజులు, 28 రోజుల క్యూరింగ్. ఈ వాక్యాన్ని దేశంలో ఎవరైనా ఒక్కలాగే రాస్తారు, ఇంకోలా రాస్తే క్యూబు పగలదు. కాబట్టి 18 నాకు వింతగా అనిపించలేదు. గైడు గారు చూసుకోనిది ఒకటుంది: చెక్‌కి వేసేటప్పుడు ‘రిపాజిటరీలో దాచు’, ‘దాచొద్దు’ అని రెండు ఎంపికలుంటాయి. రిపాజిటరీ అంటే తర్వాత వచ్చేవాటితో పోల్చడానికి ఆ సాఫ్ట్‌వేర్ రాతలు దాచుకునే కొట్టు. ఆయన దేన్నీ ముట్టుకోలేదు. ముట్టుకోకపోతే దాస్తుంది. అంటే నా థీసిస్ నాకంటే ముందే ఆ యంత్రం పొట్టలోకి వెళ్లి కూర్చుంది.

నిన్న లైబ్రరీలో ఫైనల్ చెక్. 97 శాతం.

మన ఇళ్లలో 97 అన్న అంకె వినబడితే స్వీట్లు తెస్తారు. వెనక లైన్లో నిలబడ్డవాళ్లు కూడా అదే మోతాదులో ఆశ్చర్యపోయారు. ‘97 అంటరా!’ అని ఒకడు చివరిదాకా అందించాడు. యూనివర్సిటీలకు రూల్సు పెట్టే యూజీసీ వాళ్ల 2018 కాపీ నిబంధనల్లో పది శాతం దాకా శిక్ష లేదు. 10 నుంచి 40 అయితే సరిచేసి ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది ఆగాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. 97కి ఏం చేస్తారో విడిగా రాయలేదు. అంతవరకు ఎవరూ వెళ్లరనుకుని ఉంటారు.

‘ఎవరిది కొట్టావమ్మా?’ అన్నారు లైబ్రరీ సార్, కళ్లజోడు మీదుగా చూస్తూ.

‘నాదే సార్.’

‘థీసిస్ నీదని తెలుసులే. ఎవరి దగ్గర కొట్టావూ అని.’

‘నా దగ్గరే సార్.’

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ సాఫ్ట్‌వేర్ పట్టేసింది. ప్రింటు తీస్తే 84 పేజీలూ గోరింటాకు పెట్టుకున్నట్టు ఎర్రగా పండాయి. మొదటి మూలం: ‘విద్యార్థి పత్రం’, 94 శాతం. ఆ విద్యార్థిని నేనే. ‘ఇది పూర్తిగా నా సొంత కృషి’ అనే డిక్లరేషన్ పేజీ ఎరుపు. అదీ న్యాయమే, ఆ పేజీ మాటలు కాలేజీ వాళ్లిచ్చిన నమూనాలోవి. ఒక్క పదం మారిస్తే ఆఫీసు ఒప్పుకోదు, మార్చకపోతే యంత్రం ఒప్పుకోదు.

ఎరుపెక్కని ఆ మూడు శాతంలో ఏముందా అని పేజీలు తిప్పి చూశాను. మా డిపార్ట్‌మెంట్ హెడ్ గారి పేరు వెనక కొత్తగా చేర్చమన్న రెండు డిగ్రీలు ఉన్నాయి. మారిన పేజీ నంబర్లు ఉన్నాయి. మూడో అధ్యాయం మొదట్లో, పేపర్ వచ్చాక చేర్చిన ఒక వాక్యం ఉంది: ‘ఈ అధ్యాయంలోని కొంత భాగం ఇదివరకే ప్రచురితం.’ ఇది కొత్తది కాదు అని నేను ఒప్పుకున్న వాక్యం ఒక్కటే అచ్చంగా నా సొంతమని యంత్రం తేల్చింది.

నిజానికి ఇది పది సెకన్ల పని. రిపోర్టులో ఆ మూలం మీద నొక్కి, ‘మినహాయించు’ అంటే చాలు. రిఫరెన్సులు వదిలెయ్, 14 పదాల లోపు పోలికలు వదిలెయ్ అని పెట్టుకునే వీలూ ఉంది. ఆ 14 కూడా యూజీసీ నిబంధనల్లోని అంకే. సార్ ఇవేవీ పెట్టలేదు. ‘నొక్కితే బాధ్యత నాదవుతుందమ్మా, లెటర్ తీసుకురా’ అన్నారు. గైడు గారితో లెటర్ రాయించుకొచ్చాను. నొక్కారు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పైనున్న పెద్ద మూలాన్ని తీసేస్తే దాని కింద నక్కినవన్నీ బయటికొస్తాయి. తాటిచాప ఎత్తితే తేళ్లు బయటపడ్డట్టు, అంతదాకా 2 శాతం చూపించిన నా పేపర్ లేచి 31 అయి కూర్చుంది.

చాలా పత్రికలు రచయిత తన పేపర్‌ని తన థీసిస్‌లో వాడుకోవచ్చని ముందే ఒప్పుకుంటాయి, ఎక్కడ అచ్చయిందో చెబితే చాలు. నేను సంతకం పెట్టిన కాపీరైటు ఫారంలోనూ ఆ ముక్క ఉంది. తీసి చూపించాను. ‘పత్రిక సరే, రచయిత అనుమతేది?’ అన్నారు సార్.

రచయితను నేను.

‘అయితే రాసివ్వు.’

రాసిచ్చాను, వేరే దారేముంది? ‘అయ్యా, పై పేపర్ రచయిత్రినైన నాకు, నా పేపర్‌లోని భాగాలను నేను నా థీసిస్‌లో వాడుకొనుటకు ఎట్టి అభ్యంతరమూ లేదని ఇందుమూలముగా తెలియజేసుకుంటున్నాను.’ కింద ఎడమవైపు అనుమతి ఇచ్చినవారి సంతకం, కుడివైపు పొందినవారి సంతకం.

సార్ కాగితం వెలుతురుకి ఎత్తిపట్టి చూశారు.

‘రెండు సంతకాలూ ఒక్కలాగే ఉన్నాయేంటమ్మా? ఒకటి మార్చి పెట్టుకురా. రేపు ఎవరైనా చూస్తే నాకు మాటొస్తుంది.’

బైండింగ్ షాపు ఏడింటికి కట్టేస్తాడు.