హైదరాబాద్‌ను ఓడించింది డబ్బున్న క్లబ్బులు కావు

హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు వెళ్తే గచ్చిబౌలి స్టేడియంలో నా వెనక వరుసలో ఇద్దరు కుర్రాళ్లు కూర్చునేవాళ్లు. ప్రతి మ్యాచ్‌కీ ఒకటే గొడవ. "మోహన్ బగాన్ వాళ్ల డబ్బు ముందు మనమెంతరా? మంచి ప్లేయర్ కనపడితే చాలు, ఎగరేసుకుపోతారు" అని ఒకడు. "పోతే పోనీరా, ఇంకొకణ్ణి తయారు చేస్తాం" అని రెండోవాడు. హాఫ్ టైమ్‌లో చాయ్ తాగుతూ కూడా అదే పంచాయితీ. చుట్టుపక్కల వాళ్లం కూడా మధ్యలో దూరేవాళ్లం. ముంబయి సిటీ వెనక మాంచెస్టర్ సిటీ యజమానులున్నారని, కోల్‌కతా క్లబ్ బగాన్ వెనక గోయెంకా గ్రూపు ఉందని, మనకేముందని లెక్కలు వేసేవాళ్లం.

ఇప్పుడు ఆ స్టాండ్‌లో వాదించుకోవడానికి టీమే లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి వెళ్లిపోయింది. పేరు కూడా మారింది, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. వార్త వచ్చిన రోజు నుంచీ అభిమానుల్లో ఒకే మాట వినిపిస్తోంది. పెద్ద డబ్బుతో చిన్న క్లబ్ తట్టుకోలేకపోయిందని, ఇలా అవుతుందని ముందే తెలుసని. ఈ మాటను నేను ఒప్పుకోను. పెద్ద డబ్బును మనం మైదానంలో ఓడించాం. ట్రోఫీ కూడా ఎత్తాం. మనల్ని ఓడించింది వేరే.

2021–22 ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజన్ గుర్తు చేసుకోండి. కోవిడ్ వల్ల మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి, ఇంటి దగ్గర ఒక్క మ్యాచ్ కూడా లేదు. మన ఆటగాడు లిస్టన్ కొలాసోను ఆ సీజన్‌కు ముందే మోహన్ బగాన్ కొనేసింది. మన పని అయిపోయిందని అప్పుడు అననివాడు లేడు. సెమీఫైనల్లో మనకు ఎదురైంది అదే బగాన్, అదే లిస్టన్. రెండు మ్యాచ్‌లు కలిపి 3–2తో గెలిచాం. ముంబయి సిటీ ఆ ఏడు టాప్ ఫోర్‌లోకి కూడా రాలేదు. మన ఓగ్బెచే 18 గోల్స్ కొట్టి, అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. మనోలో మార్కెజ్ అనే స్పానిష్ కోచ్ ఆకాశ్ మిశ్రా, ఆశీష్ రాయ్ లాంటి పెద్దగా ఎవరికీ తెలియని కుర్రాళ్లను నమ్మి ఆడించాడు. అంతకు రెండేళ్ల ముందు లీగ్‌లో ఆఖరి స్థానంలో ఉన్న క్లబ్ ఇది.

ఇక ఫైనల్. 2022 మార్చి 20, గోవాలోని ఫటోర్డా స్టేడియం. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. గ్యాలరీల నిండా వాళ్ల అభిమానులే. వాళ్ల రాహుల్ గోల్ కొట్టాక మనవాళ్లు ఇక తేరుకోరనిపించింది. 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా బాక్స్ బయటి నుంచి, బంతి గాల్లో ఉండగానే కొట్టిన వాలీ నెట్‌లో పడింది. ఎక్స్‌ట్రా టైమ్ గడిచినా 1–1. తర్వాత పెనాల్టీలు. గోల్ పోస్టుల మధ్య మన కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి. లెస్కోవిచ్ కిక్ ఆపాడు. నిషు కుమార్ కిక్ ఆపితే, గీత వదిలి ముందుకొచ్చావని రిఫరీ మళ్లీ కొట్టించాడు. మళ్లీ ఆపాడు. జీక్సన్ కిక్ కూడా ఆపాడు. 3–1. ఇదే ఫటోర్డాలో, 2015 ఫైనల్లో ఎఫ్‌సీ గోవాకు ఆడుతూ ఆఖరి నిమిషాల్లో బంతిని పొరపాటున సొంత గోల్‌లోకి వదిలింది ఇదే కట్టిమణి. ఆ రాత్రి కప్పు చెన్నైకి వెళ్లింది. ఆరేళ్ల తర్వాత అదే గడ్డి మీద అతను మోకాళ్ల మీద కూలబడి ఏడుస్తుంటే నేను టీవీ ముందు ఏడ్చాను. సిగ్గుపడాల్సిన పనేం లేదు.

ఇంతకన్నా రుజువు ఏం కావాలి? ఐఎస్‌ఎల్‌లో జీతాలకు పరిమితి ఉంది. ఎంత డబ్బున్నా పదకొండు మందే ఆడాలి. కుర్రాళ్లను గుర్తుపట్టే కన్నున్న కోచ్, ఓపికున్న యాజమాన్యం ఉంటే డబ్బు తేడాను చాలావరకు పూడ్చొచ్చు. మరుసటి సీజన్లో కూడా లీగ్ పట్టికలో రెండో స్థానంలో ఉన్నాం. సెమీస్‌లో బగాన్ మనల్ని దాటింది పెనాల్టీల మీద. అంటే రెండేళ్లు వరుసగా ఈ దేశంలో పెద్ద క్లబ్బులకు మనం గట్టి పోటీ ఇచ్చాం.

తర్వాత ఏమైందో మీకు తెలుసు. మార్కెజ్ వెళ్లిపోయాడు. బకాయిలు పెరిగాయి, జీతాలు ఆలస్యమయ్యాయి, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. సీజన్ మధ్యలోనే ఆటగాళ్లు ఒక్కొక్కరూ వెళ్లిపోయారు. 2023–24లో 22 మ్యాచ్‌లకు ఒక్క గెలుపు, 8 పాయింట్లు, ఆఖరి స్థానం. కొత్త యజమాని వచ్చాడు, ఒక సీజన్ ఆడించాడు, క్లబ్‌ను మూటగట్టి ఢిల్లీ తీసుకుపోయాడు. ఇందులో బగాన్ తప్పేముంది? ముంబయి తప్పేముంది? హైదరాబాద్ అనే పేరు, ఆ పసుపు రంగు జెర్సీ, ఆ ట్రోఫీ జ్ఞాపకం, అన్నీ ఒక కాగితం మీద ఒకరి ఆస్తి. ఆ కాగితం చేతులు మారింది. డెక్కన్ లీజియన్ పేరుతో డప్పులు, బ్యానర్లు మోసిన అభిమానులను ఎవరూ ఒక్క మాట అడగలేదు. అడగాలన్న రూలే లేదు.

ఒక విషయం నిజాయితీగా చెప్పుకోవాలి. 2019లో ఈ క్లబ్ మనకు ఎలా వచ్చింది? ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే ఆ ఖాళీలో మనం వచ్చాం. పుణెలో ఆరెంజ్ ఆర్మీ అని ఓ అభిమాన బృందం ఉండేది. వాళ్ల గురించి ఆ రోజు మనలో ఎవరైనా ఆలోచించామా? నేనైతే ఆలోచించలేదు. మన ఊరికి టీమ్ వచ్చిందని సంబరపడ్డాను, అంతే. ఆరేళ్లలో అదే దెబ్బ మనకు తగిలింది. ఊళ్లు మారుతుంటాయి, పద్ధతి మారలేదు.

డబ్బు లేకుండా ఫుట్‌బాల్ నడవదని, యజమానులు కోట్లు నష్టపోతుంటే స్టాండ్‌లో కూర్చుని హక్కులు అడగడం సులువని కొందరంటారు. నష్టాలు నిజమే. గచ్చిబౌలిలో చాలాసార్లు సగం కుర్చీలు ఖాళీగా ఉండేవన్నదీ నిజమే. అభిమానులకు ఓటు ఉన్న జర్మనీలో కూడా బయర్న్ మ్యూనిక్ వరుసగా 11 సార్లు లీగ్ గెలిచింది కదా అని ఎత్తిపొడుస్తారు. గెలిచింది. అయితే ఆ 11 ఏళ్లలో ఓడిన క్లబ్బుల్లో ఒక్కటైనా ఊరు మార్చుకుని పోయిందా? నా వాదన అదే. ఓడిపోవడం వేరు, మాయమైపోవడం వేరు. ఓడిన జట్టు వచ్చే ఆదివారం మళ్లీ ఆడుతుంది.

ఈ గాయం ముందే తిన్నవాళ్లు ఇంగ్లండ్‌లో ఉన్నారు. లండన్ శివారులోని వింబుల్డన్ క్లబ్ 1988లో లివర్‌పూల్ లాంటి జట్టును 1–0తో ఓడించి ఎఫ్‌ఏ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం) కప్ గెలిచింది. 2002లో ఆ క్లబ్‌ను దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి ఎఫ్‌ఏ వేసిన కమిషన్ ఒప్పుకుంది. అభిమానులు ఏం చేశారు? ఇంకో కోటీశ్వరుడు వస్తాడని ఎదురుచూడలేదు. కొన్ని వారాల్లోనే సొంతంగా క్లబ్ పెట్టుకున్నారు. వింబుల్డన్ కామన్ అనే పచ్చిక మైదానంలో ఎవరైనా రావచ్చని సెలెక్షన్స్ పెట్టారు. తొమ్మిదో అంచె లీగ్‌లో, ఊరి టీమ్‌లతో మొదలుపెట్టారు. తొమ్మిదేళ్లకు, 2011లో, నాలుగో అంచెకు, అంటే ఫుట్‌బాల్ లీగ్‌లోకి ఎక్కారు. 2020 నవంబరులో పాత ఇల్లు ఉన్న ప్లౌ లేన్‌లోనే కొత్త స్టేడియం కట్టుకుని తిరిగొచ్చారు. తరలిపోయిన క్లబ్, పాత వింబుల్డన్ ట్రోఫీల మీద హక్కు వదులుకుని వాటిని వింబుల్డన్ ప్రాంత పాలకమండలికి అప్పగించింది. 2025లో అభిమానుల క్లబ్ ప్లేఆఫ్ గెలిచి మళ్లీ మూడో అంచెకు వెళ్లింది, మిల్టన్ కీన్స్ జట్టు నాలుగో అంచెలోనే ఉండిపోయింది. ఇదంతా ఇరవై మూడేళ్ల కథ. ఆ క్లబ్‌లో ఒక్కో సభ్యుడికి ఒక్కో ఓటు.

జర్మనీ అభిమానులు 2023–24లో చేసింది కూడా చూడండి. లీగ్ ప్రసార హక్కుల్లో వాటాను బయటి పెట్టుబడిదారులకు అమ్ముతామంటే మ్యాచ్‌ల మధ్యలో టెన్నిస్ బంతులు, చాక్లెట్ నాణేలు మైదానంలోకి విసిరారు. వారాల తరబడి మ్యాచ్‌లు ఆగుతూ నడిచాయి. 2024 ఫిబ్రవరిలో లీగ్ వెనక్కి తగ్గింది. అంత ధైర్యం వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చింది? క్లబ్‌లో ఓట్లలో సగం కన్నా ఎక్కువ సభ్యుల చేతిలోనే ఉండాలన్న రూలు నుంచి.

అదంతా యూరప్, మన దగ్గర కుదరదు అంటారా? ఐజ్వాల్‌ను చూడండి. 2015–16లో అప్పటి జాతీయ లీగ్ అయిన ఐ లీగ్ నుంచి కిందికి పడిపోయిన మిజోరం క్లబ్ అది. గోవా క్లబ్బులు లీగ్ నుంచి తప్పుకోవడంతో చోటు తిరిగి దొరికింది. మరుసటి ఏడాది, 2017 ఏప్రిల్లో, ఖాలిద్ జమీల్ కోచింగ్‌లో మోహన్ బగాన్‌ను వెనక్కి నెట్టి చాంపియన్ అయింది. ఈశాన్య రాష్ట్రాల నుంచి జాతీయ లీగ్ గెలిచిన మొదటి జట్టు. మరి బహుమానం? ఆ వెంటనే ఐఎస్‌ఎల్‌లోకి కొత్తగా రెండు క్లబ్బులను తీసుకున్నారు. ఐజ్వాల్‌కు అందులో చోటు లేదు. మైదానంలో గెలిచినవాడికి తలుపు మూసి, చెక్కు తెచ్చినవాడికి తలుపు తీసిన రోజే నాకు ఈ లీగ్ మీద నమ్మకం సడలింది.

మన ఊళ్లోనే శ్రీనిధి డెక్కన్ ఉంది. 2022–23, 2023–24 వరుసగా రెండేళ్లు, అప్పటికి ఐఎస్‌ఎల్ కింది అంచె అయిన ఐ లీగ్‌లో రెండో స్థానం. మొదటిసారి పంజాబ్, రెండోసారి మహమ్మదన్ స్పోర్టింగ్ ముందు నిలిచి ఐఎస్‌ఎల్‌కు వెళ్లాయి. అడుగు దూరంలో ఆగిపోయిన ఆ టీమ్ మ్యాచ్‌లకు మనలో ఎంతమంది అజీజ్‌నగర్ వెళ్లాం? పెద్ద లీగ్ కాదు కదా అని వదిలేశాం. అక్కడ కూడా యజమాని ఒకరే. నేను కోరేది అక్కడి నుంచే మొదలుపెట్టమని. సీజన్ టికెట్ కొన్నవాళ్లకు బోర్డులో ఒక ప్రతినిధి ఉండాలి. అభిమానుల ఓటు లేకుండా ఊరు, పేరు, రంగు మార్చకూడదు. ఈ రెండు మాటలు క్లబ్ నిబంధనల్లో రాయించాలి. వేలమంది రావాలి, టికెట్లు కొనాలి, అప్పుడు అడగాలి. భారత ఫుట్‌బాల్ పాలన మొత్తం మళ్లీ రాసుకుంటున్న సమయం ఇది. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేం.

దీనికన్నా ముఖ్యమైంది ఇంకొకటుంది. హైదరాబాద్ ఒకప్పుడు పెద్ద డబ్బును ఎలా కొట్టింది? 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు మోహన్ బగాన్ మీద 0–2 వెనకబడి, 2–2 చేసి, మళ్లీ ఆడించిన ఫైనల్లో 1–0తో గెలిచింది. రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం బడి పంతులుగా పనిచేసినవారు. ఊళ్లో పిల్లలకు ఆయన వింత టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి రాగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో అలవాటు లేని కాలితోనే ఆడాలి. ఆ పంతులే భారత్‌ను 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి తీసుకెళ్లారు. మరుసటి ఏడే క్యాన్సర్‌తో పోయారు. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జకార్తా జట్టులో ఉన్నారు. ఆయనా కోల్‌కతా క్లబ్‌కే వెళ్లారు. మంచి ఆటగాడు కోల్‌కతా వెళ్లడం మనకు అప్పుడూ ఉన్నదే, లిస్టన్‌తో మొదలైంది కాదు. తేడా ఏమిటంటే, అప్పుడు ఒకడు వెళ్తే వెనక బస్తీ మైదానంలో ఇంకో పదిమంది తయారుగా ఉండేవాళ్లు.

ఆ మైదానాలు ఎక్కడ? నేను చదువుకున్న బడి వెనక ఒక గ్రౌండ్ ఉండేది. వానాకాలం మోకాలి దాకా బురదలో ఆడేవాళ్లం. గోల్ పోస్టులంటే రెండు చెప్పుల జతలు, బార్ ఎత్తు ఎంతన్నది గోల్‌కీపర్ చెయ్యి ఎంతవరకు లేస్తే అంత. దాని మీద రోజూ తగాదా. ఇప్పుడక్కడ సగం అపార్ట్‌మెంట్ లేచింది, మిగతా సగం చుట్టూ ఆకుపచ్చ వల కట్టి టర్ఫ్ వేశారు. గంట లెక్కన అద్దె. ఫోన్‌లో స్లాట్ బుక్ చేసుకుని, తలా ఇంత వేసుకుని, ఉద్యోగాలున్నవాళ్లు రాత్రి పదింటికి వచ్చి ఆడుకుంటారు. వాళ్లను తప్పు పట్టను. పక్క బస్తీ పిల్లవాడికి మాత్రం ఆ గేటు మూసే ఉంటుంది. రహీం సాబ్ ఇవాళ పుట్టినా ఆ పిల్లవాణ్ణి ఎక్కడ చూస్తారు?

క్లబ్ ఒకరి ఆస్తి అయింది, గ్రౌండ్ ఇంకొకరి ఆస్తి అయింది. రెండూ ఒకే జబ్బు. వార్డుకో ఖాళీ గ్రౌండ్ కోసం జీహెచ్‌ఎంసీని నిలదీయని అభిమాని, బగాన్ డబ్బు గురించి ఎంత బాధపడినా లాభం లేదు. వింబుల్డన్ వాళ్లకు సెలెక్షన్స్ పెట్టుకోవడానికి అందరిదీ అయిన ఒక పచ్చిక మిగిలి ఉంది కాబట్టే ఆ కథ మొదలైంది.

మొన్న ఆదివారం ఆ టర్ఫ్ పక్కనుంచి వెళ్తుంటే వల బయట ఓ పిల్లాడు నిలబడి ఉన్నాడు, పదేళ్లుంటాయేమో. ఒంటి మీద వెలిసిపోయిన పసుపు జెర్సీ, వాళ్లన్నదై ఉంటుంది, మోకాళ్ల దాకా వేలాడుతోంది. ఛాతీ మీద హైదరాబాద్ ఎఫ్‌సీ బ్యాడ్జి సగం ఊడింది. లోపలి నుంచి బంతి వల దాటి వచ్చి అతని కాళ్ల దగ్గర పడింది. ఎడమ కాలితో ఆపి, ఒక్క క్షణం చూసి, వల మీదుగా సరిగ్గా అడిగినవాడి చేతుల్లో పడేలా కొట్టాడు. లోపలివాళ్లు థాంక్స్ చెప్పి ఆటలో పడిపోయారు. వాడు ఇంకో బంతి బయటికొస్తుందేమోనని అక్కడే నిలబడ్డాడు.